రంగం మేస్త్రీ నుంచి వాట్సాప్ మెసేజ్ దాకా: పని పేరు చెప్పి మనల్ని మోసం చేసిన చరిత్ర

మేము పాలకొల్లులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళం. మాలో కోయలం ఉన్నాం, కొండరెడ్లం ఉన్నాం. ఎక్కువమందిమి బుట్టాయగూడెం, పోలవరం వైపు నుంచి వచ్చాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. పోస్టు పెద్దది. తీరిగ్గా చదవండి, సగంలో వదిలేయకండి.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన వేసవి సెలవులకి ముందు మా ఫోన్లకి ఒక మెసేజ్ వచ్చింది. ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగాలు, ఇంటర్ పాసైతే చాలు, జీతం 22,000, భోజనం వసతి ఉచితం, ఎస్టీలకు ప్రాధాన్యం. ఆ చివరి ముక్క చూసి మేము ఇంకేమీ ఆలోచించలేదు. మనవాళ్ళకి ఉపయోగపడుతుంది కదా అని జూనియర్ల గ్రూపులన్నిటికీ పంపించేశాం. ముగ్గురు తమ్ముళ్ళు ఆ నంబరుకి ఫోన్ చేశారు. రిజిస్ట్రేషన్ అని 1,550, తర్వాత యూనిఫాం అని 4,800, ఆ తర్వాత మెడికల్ టెస్టు అని 4,650 అడిగారు. ఇద్దరు మొదటి దాంతో ఆగిపోయారు. ఒక తమ్ముడు మొత్తం 11,000 కట్టాడు. అది ఇంట్లో జీడిపిక్కలు అమ్మి సెమిస్టర్ ఫీజుకని పంపిన డబ్బు. మర్నాటి నుంచి ఆ ఫోన్ స్విచాఫ్. తమ్ముడు ఇరవై రోజులు ఎవరికీ చెప్పలేదు. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ దాటిపోయాక బయటపడింది. ఎందుకు చెప్పలేదురా అని మేము గట్టిగా అడిగితే ఒకటే మాట అన్నాడు: "మీరు పంపారు కదా అన్నా, నిజమే అనుకున్నాను."

ఆ మాట తర్వాత మాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. మోసం చేసినవాడు ఎవడో మాకు తెలీదు. కానీ ఆ మోసాన్ని మా తమ్ముడి చేతిదాకా మోసుకొచ్చింది మేమే.

మా చరిత్ర మాస్టారితో ఈ సంగతి చెబితే, "ఇది ఫోన్లతో పుట్టిన మోసం కాదర్రా, రంగం కాలం నాటిది, వెళ్ళి చదవండి" అన్నారు. చదివాం. చదివింది మీకు చెప్పాలని ఈ పోస్టు.

రంగం అంటే రంగూన్. ఈ గోదావరి జిల్లాల పాతతరంవాళ్ళు బర్మా మొత్తాన్నీ రంగం అనే అనేవారు. "ఫలానా వాళ్ళ తాత రంగం వెళ్ళాడు" అనే మాట డెల్టాలో ఇప్పటికీ వినపడుతుంది. అసలు ఎందుకు వెళ్ళారు? ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఇంగ్లీషువాళ్ళు కింది బర్మాని ఆక్రమించుకున్నదీ అదే 1852లో. ఇక్కడ కాలవలు వచ్చి డెల్టా పచ్చబడింది. కానీ భూమి లేని కూలికి పచ్చదనంలో వాటా రాలేదు. అక్కడ బర్మాలో అడవులు కొట్టి వరి వేస్తున్నారు. 1869లో సూయజ్ కాలవ తెరిచాక బర్మా బియ్యం యూరప్‌కి పోటెత్తింది. కోతకి మనుషులు కావాలి, రైస్ మిల్లులకి కావాలి, రేవులో బస్తాలు మొయ్యడానికి కావాలి, రిక్షాలు లాగడానికి కావాలి. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లు జనాన్ని డెక్కు మీద కుక్కుకుని వెళ్ళేవి. కాకినాడ పక్కన కోరంగి అనే పాత రేవు ఉంది కదా, దాని పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందర్నీ "కోరంగీలు" అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగం మందికి పైగా భారతీయులే. అందులో తెలుగువాళ్ళు పెద్ద భాగం.

వీళ్ళని తీసుకెళ్ళింది ఎవరు? కంపెనీ దొర ఊళ్ళోకి రాలేదు. మేస్త్రీ వచ్చాడు. ఆ మేస్త్రీల పద్ధతి ఎలా పనిచేసేదో తెలుసుకుంటే ఇవాళ్టి మోసం సగం అర్థమైపోతుంది. పైన మిల్లు యజమాని లేక స్టీమర్ కంపెనీ. వాళ్ళ కింద కాంట్రాక్టు పట్టిన పెద్ద మేస్త్రీ. ఆయన కింద ఇంకొందరు మేస్త్రీలు. అందరికంటే కింద, ఇరవై ముప్ఫై మంది గుంపుని నడిపే చిన్న మేస్త్రీ. ఈ చిన్న మేస్త్రీ ఎవరో కాదు, ఆ ఊరివాడే, ఆ కులంవాడే, వరసకి బావో మామో అయ్యేవాడే. కొత్త పంచె కట్టుకుని, వేలికి ఉంగరం పెట్టుకుని ఊళ్ళోకి వచ్చేవాడు. ఇంట్లో పెళ్ళికో, అప్పుకో కాస్త డబ్బు చేతిలో పెట్టేవాడు. స్టీమర్ చార్జీ తనే పెట్టుకునేవాడు. బదులుగా ఒక కాగితం మీద వేలిముద్ర.

రంగూన్‌లో దిగాక లెక్క మొదలయ్యేది. ఇచ్చిన అడ్వాన్సు, దానికి వడ్డీ, స్టీమర్ చార్జీ, తిండి, ఒకే గదిలో పదులమంది పడుకున్నందుకు అద్దె, అన్నీ కూలిలో కోసేవారు. జీతం కంపెనీ దగ్గర నుంచి నేరుగా కూలి చేతికి రాదు. పెద్ద మేస్త్రీ తన వాటా తీసుకుని కిందికి ఇస్తాడు, ఆయన తన వాటా తీసుకుని ఇంకా కిందికి ఇస్తాడు. బాకీ తీరేదాకా వేరే పనికి పోవడానికి లేదు. ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే ఇంగ్లీషు అధికారి వలస కూలీల వ్యవహారాలు చూస్తూ రంగూన్‌లో పనిచేశాడు. ఆయన 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద ఒక పుస్తకమే వేశాడు. అంటే ప్రభుత్వానికి తెలియక కాదు.

మరి చట్టం లేదా? ఉంది. చట్టం కథే అన్నిటికంటే చిత్రంగా ఉంటుంది. బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకి మనుషులు కావాలని 1834 నుంచి మన దేశం కూలీల్ని మారిషస్‌కి ఓడలెక్కించడం మొదలుపెట్టారు. ఐదేళ్ళ ఒప్పందం. మోసాలు జరుగుతున్నాయని గోల పుడితే 1837లో ఒక చట్టం తెచ్చారు. ఓడ ఎక్కే ముందు కూలీని అధికారి ముందు నిలబెట్టాలి, ఒప్పందంలో ఏముందో అతనికి అర్థమయ్యేలా చెప్పాలి. వినడానికి బాగుంది. కానీ అధికారి ముందు ఏం చెప్పాలో తీసుకొచ్చినవాడు ముందే నేర్పించేసేవాడు. "ఇష్టపడే వెళ్తున్నావా?" అంటే "అవునండి" అనాలి. ఆ కూలీ ఎగుమతి పద్ధతి ఆగింది 1917లో. ఎనభై ఏళ్ళు పైనే నడిచింది.

1859లో ఇంకో చట్టం వచ్చింది. ఇది కూలీ కోసం కాదు, యజమాని కోసం. అడ్వాన్సు తీసుకుని పనిలోకి రాని కూలీని మూడు నెలల దాకా జైల్లో పెట్టొచ్చు. మోసం చేసి తీసుకెళ్ళినవాడికి ఏమీ లేదు, పారిపోయినవాడికి జైలు. ఈ చట్టం 1920ల మధ్య దాకా బతికింది.

ఆ తర్వాత 1922లో వలసల చట్టం వచ్చింది. పనిలోకి విదేశం తీసుకెళ్ళేవాళ్ళ మీద కట్టుబాట్లు పెట్టింది. కానీ అది బ్రిటిష్ ఇండియా బయటికి సముద్రం మీద వెళ్ళేవాళ్ళకే వర్తిస్తుంది. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం, 1937 దాకా. అంటే కాకినాడలో ఓడెక్కి సముద్రం దాటి భాష తెలియని దేశంలో దిగిన మన కూలీ చట్టం లెక్కలో ఎక్కడికీ వెళ్ళనట్టే! ఈ ఒక్క సందులోంచి లక్షలమంది ఏ రక్షణా లేకుండా వెళ్ళారు. చట్టంలో సందు ఎక్కడుందో చదువుకున్నవాళ్ళకంటే ముందు దళారీకి తెలుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

చివరికి ఏమైంది? 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చారు. తెలుగువాళ్ళతో రాజీ కుదిరాక బర్మావాళ్ళని పొమ్మన్నారు. రెండువైపులా ఉన్నది ఆకలే. కానీ కొట్టుకున్నది వాళ్ళు వాళ్ళే. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షలమంది భారతీయులు అడవుల్లోంచి, కొండల్లోంచి నడుచుకుంటూ ఇండియాకి బయల్దేరారు. దారిలో రోగాలతో, ఆకలితో ఎంతమంది పోయారో లెక్క తేలలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేరు ఇప్పటికీ ఉంది. అటు వెళ్ళినప్పుడు ఆ పేరు ఎక్కడిదో ఒకసారి తలుచుకోండి.

ఇదంతా డెల్టావాళ్ళ కథ కదా, మనకేంటి అనుకోవద్దు. మన ఏజెన్సీలో స్టీమర్ లేదు కానీ అడ్వాన్సు ఉంది. విశాఖ మన్యంలో దాన్ని గొత్తి అనేవారు. అప్పు తీసుకుని, అది తీరేదాకా షావుకారు దగ్గర పనిచెయ్యడం. వడ్డీ లెక్క షావుకారు చేతిలో ఉంటే అప్పు ఎప్పటికి తీరుతుంది? తండ్రి అప్పు కొడుకు మీద పడేది. 1940లో ఏజెన్సీకని ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తెచ్చారు. దేశం మొత్తానికి వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. అల్లూరి సీతారామరాజు గారి పోరాటం అంటే మనకి తుపాకులు, పోలీస్ స్టేషన్లు గుర్తొస్తాయి. 1922లో అది రాజుకోవడానికి ఒక కారణం కూలీ డబ్బులు. మన్యంలో రోడ్డు పనికి మన జనాన్ని తోలి, చెప్పిన కూలీ ఇవ్వకుండా గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెట్టిన బాధలు. పని చూపించి డబ్బు ఎగ్గొట్టడం మీద మన తాతలు తిరగబడ్డారు. మేము మాత్రం ఒక లింకు చూసి ఫార్వర్డ్ కొట్టాం.

ఇప్పుడు పాలకొల్లుకి వద్దాం. మేము చదువుకునే ఈ ఊరు కొబ్బరికాయల వ్యాపారానికి పెట్టింది పేరు. ఈ పాలకొల్లు, నరసాపురం, ఆచంట చుట్టుపక్కల పల్లెల్లోంచి, కోనసీమ లంకల్లోంచి ఎన్నో ఏళ్ళుగా ఆడవాళ్ళు కువైట్, దుబాయ్, మస్కట్ ఇళ్ళల్లో పనికి వెళ్తున్నారు. మా క్లాసులోనే అమ్మ గల్ఫ్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగిన స్నేహితులు ఉన్నారు. వాళ్ళలో బాగుపడి ఇల్లు కట్టుకున్నవాళ్ళూ ఉన్నారు, అబద్ధం చెప్పకూడదు. పాస్‌పోర్టు లాక్కుంటే, జీతం ఇవ్వకపోతే ఎంబసీ గుమ్మంలో పడుకుని తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈ తేడా ఎక్కడ వస్తుంది? చాలాసార్లు వీసా కాగితం దగ్గరే వస్తుంది.

1983 వలసల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కాని ఏజెంటు విదేశీ పనికి మనుషుల్ని పంపకూడదు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పది పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అలాంటివాళ్ళు గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి ముప్ఫై ఏళ్ళు నిండాలి. 2016 నుంచి వాళ్ళని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అలాంటిదే. ఇంత ఉంటే మోసం ఎలా జరుగుతోంది? సందు ఉంది కాబట్టి. విజిటింగ్ వీసా. చుట్టం చూపుకి వెళ్తున్నానని చెబితే ఈ చట్టం అడ్డురాదు. "అక్కడ దిగాక మార్చేస్తాం లెండి" అంటాడు ఊళ్ళో సబ్ ఏజెంటు. కాగితం మీద ఆ మనిషి పనికి వెళ్ళనట్టే. సరిగ్గా 1922లో రంగం వెళ్ళిన కూలీ లాగే.

చదువుకున్నవాళ్ళం కాబట్టి మనకి ఈ గొడవ లేదనుకోకండి. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కొంతమంది ఏజెంట్లని అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి, లక్షన్నర దాకా తీసుకుని, కుర్రాళ్ళని బ్యాంకాక్ పంపి, అక్కడి నుంచి కంబోడియా దాటించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మన దేశంవాళ్ళకే ఫోన్లు చేసి డబ్బు గుంజే పని చేయించారు. కుదరదంటే కొట్టడం, తిండి మానిపించడం. ఆ నెల 20న సిహనుక్‌విల్‌లో మూడొందలమంది దాకా భారతీయులు ఒక్కసారిగా తిరగబడ్డారు. మరుసటి ఏడాది, 2025 మార్చిలో, ఇలాంటి అడ్డాల నుంచి విడిపించిన ఐదొందలమందికి పైగా భారతీయుల్ని వాయుసేన విమానాల్లో థాయ్‌లాండ్ మీదుగా తీసుకొచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళని బంధించి పెట్టింది ఏ దేశంలోనో తెలుసా? మయన్మార్‌లో. అంటే బర్మా. అంటే మన రంగం.

ఇది చదివినప్పుడు మేము కాసేపు పుస్తకం మూసేశాం. వందేళ్ళ తర్వాత, అదే దేశానికి, అదే పద్ధతిలో.

అదే పద్ధతి అని ఎందుకంటున్నామంటే, మూడు విషయాలు మారలేదు. ఒకటి, పైవాడు కనపడడు, కిందివాడు మనవాడు. రెండు, కాగితం మనం చదవలేని భాషలో ఉంటుంది. అప్పుడు వేలిముద్ర, ఇప్పుడు "ఐ అగ్రీ" దగ్గర టిక్కు. మూడు, వెనక్కి వచ్చే దారి వాడి చేతిలో ఉంటుంది. అప్పుడు బాకీ, ఇప్పుడు పాస్‌పోర్టు, లేదంటే "ఇంకో ఐదువేలు కడితే మొత్తం రిఫండ్" అనే ఆశ.

మారింది ఒక్కటే. అప్పుడు మేస్త్రీ మన చేతిలో డబ్బు పెట్టి కట్టేసేవాడు. ఇప్పుడు మన చేతిలోంచి డబ్బు తీసుకుని కట్టేస్తున్నాడు. ఆ లెక్కన మన తాతలకంటే మనమే తెలివితక్కువవాళ్ళం. వాళ్ళు అమాయకంగా అప్పు తీసుకున్నారు. మనం మోసపోవడానికి ఎదురు డబ్బు కడుతున్నాం.

అలాగని ఆ తమ్ముణ్ణి తెలివితక్కువవాడు అనడానికి మాకు నోరు రాదు. 2022లో తమిళనాడు నుంచి వచ్చిన 28 మంది యువకులు న్యూఢిల్లీ స్టేషన్లో రోజుకి ఎనిమిది గంటలు వచ్చేపోయే రైళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నారు. అది టీటీఈ, క్లర్కు లాంటి ఉద్యోగాలకి ట్రైనింగ్ అని వాళ్ళని నమ్మించారు. వాళ్ళందరి దగ్గరా కలిపి రెండున్నర కోట్లకు పైగా తీసుకున్నారు. వాళ్ళు ఇంజినీరింగ్, డిగ్రీ చదివినవాళ్ళు. చదువు లేక మోసపోలేదు. ఉద్యోగం లేక మోసపోయారు. మన సంగతే చూడండి. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ మన పిల్లలకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీఓ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. టీచర్ అవుదామని డీఎడ్, బీఎడ్ చదివిన మన అక్కలు, అన్నలు ఎంతమంది ఇప్పటికీ ఎదురుచూస్తున్నారో ఈ గ్రూపులో వేరే చెప్పక్కర్లేదు. తలుపు మూసుకున్న చోటే "వెనక తలుపు ఉంది, నేను చూపిస్తా" అనేవాడు తయారవుతాడు. "ఎస్టీలకు ప్రాధాన్యం" అని వాడు ఊరికే రాయలేదు. మన దెబ్బ ఎక్కడుందో చూసుకుని రాశాడు.

అందుకని మా హాస్టల్లో మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. నచ్చితే మీరూ పెట్టుకోండి.

ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడగడు. ప్రభుత్వ పరీక్షకి ఫీజు ఉంటే అది దరఖాస్తుతోపాటు ఆ శాఖ సొంత వెబ్‌సైట్లోనే కడతాం, ఒక మనిషి ఫోన్‌పే నంబరుకి కాదు. నోటిఫికేషన్ నంబరు, తేదీ లేని మెసేజ్‌ని మేము ఎవరికీ పంపం. విదేశం అంటే ముందు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూస్తాం. విజిటింగ్ వీసా మీద పని అంటే అక్కడితో ఆపేస్తాం. చూడటం రాని అమ్మలకి, పెద్దమ్మలకి మేమే చూసి పెడతాం. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఇది మా మొదటి పని.

ఒకవేళ డబ్బు పోతే, అదే గంటలో 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు వాడి ఖాతాలోంచి బయటికి పోకుండా ఆపే అవకాశం అంత ఉంటుంది. మెసేజ్‌లు, కట్టిన రసీదులు చెరిపేయకూడదు. మోసగాణ్ణి మనం ఫోర్ ట్వంటీ అంటాం కదా, ఆ పాత సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 318 అయింది. నంబరు మారినా నేరం నేరమే. 1859లో చట్టం కూలీని జైల్లో పెట్టింది. ఇవాళ చట్టం మోసపోయినవాడి వైపు ఉంది. కానీ మనం స్టేషన్ మెట్లు ఎక్కకపోతే అది మన వైపు ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది?

అన్నిటికంటే ముఖ్యమైంది, సిగ్గుపడొద్దు. రంగం నుంచి ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాళ్ళు ఊళ్ళో నిజం చెప్పి ఉంటే, తర్వాతి స్టీమర్‌కి మేస్త్రీకి మనుషులు తక్కువ దొరికేవారు. వాళ్ళు సిగ్గుతో నోరు మూసుకున్నారు. మేస్త్రీ మళ్ళీ కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. మా తమ్ముడి ఇరవై రోజుల మౌనంలో ఇంకెంతమంది కట్టారో మాకు తెలీదు.

తమ్ముడి డబ్బు తిరిగి రాలేదు. ఫిర్యాదు ఇచ్చాం కానీ ఆలస్యమైపోయింది. ఆ మెసేజ్ పంపింది మేము కాబట్టి మా స్కాలర్‌షిప్ పడ్డాక తలా కొంత వేసుకుని వచ్చే సెమిస్టర్‌తోపాటు వాడి పాత పేపర్లకి కూడా ఫీజు కట్టాం. దీన్ని గొప్ప కోసం చెప్పట్లేదు, బాకీ తీర్చామని చెబుతున్నాం. మెసేజ్ ఫార్వర్డ్ చేసిన ఆ రోజు ఆ గొలుసులో ఆఖరి చిన్న మేస్త్రీలం మేమే. కమీషన్ తీసుకోలేదు, అంతే తేడా.

ఈ పోస్టు వేస్తామంటే వాడు సరే అన్నాడు. "నా పేరు వద్దు అన్నా, అంకె మాత్రం రాయండి, 11,000 అని" అన్నాడు. రాశాం.

తప్పులుంటే పెద్దలు సరిచెయ్యండి. మీ ఊళ్ళో రంగం వెళ్ళినవాళ్ళ సంగతులు, గొత్తి సంగతులు తాతలు, అవ్వలు చెప్పినవి ఉంటే కింద రాయండి. రాయడం రాకపోతే వాయిస్ పెట్టండి, మేము రాసి పెడతాం.

జై ఆదివాసీ.